చంద్రగిరి కోట: తరచూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

చంద్రగిరి కోట తిరుపతికి 15 కిలోమీటర్ల లోపే ఉంది. నాది పాత కట్టడాల మరమ్మతు పని. ఆ సంగతి తెలిసిన ప్రతి ఒక్కరూ కోట గురించి ఏదో ఒకటి అడుగుతారు. ఎక్కువగా వినబడేవి ఇవి.

అపోహ: కోట కట్టించింది కృష్ణదేవరాయలు.

వాస్తవం: ఆయన పుట్టక ముందు, ఈ ప్రాంతాన్ని ఏలిన యాదవరాయల కాలానికే ఇక్కడ కోట ఉంది. సాళువ నరసింహరాయలు చంద్రగిరి నుంచే ఎదిగి 1485లో విజయనగర సింహాసనం ఎక్కాడు. 1565 తళ్లికోట యుద్ధం తర్వాత రాజధాని పెనుకొండకు, అక్కడి నుంచి చంద్రగిరికి మారింది.

అపోహ: సిమెంటు పూసేస్తే ఇంకో వందేళ్లు ఢోకా ఉండదు.

వాస్తవం: నన్ను అన్నిటికన్నా బాధపెట్టే మాట ఇదే. కోటలోని రాజమహల్ మూడంతస్తులూ కలప లేకుండా రాయి, ఇటుక, సున్నంతో లేచినవే. సున్నపు గోడ వానకు తేమ పీల్చుకుని ఎండకు వదిలేస్తుంది. పైన సిమెంటు పూస్తే ఆ తేమ బయటికి రాలేదు. ఉప్పు పేరుకుని, మెత్తటి పాత ఇటుక లోలోపలే పొడిగా రాలిపోతుంది. పైకి గోడ నున్నగానే ఉంటుంది. వేలి కణుపుతో తట్టి చూడండి, పూత విడిపోయిన చోట డొల్ల శబ్దం వస్తుంది.

అందుకే మాకు గానుగ సున్నమే కావాలి. నానిన సున్నంలో ఇసుక, ఇటుక పొడి వేసి గానుగలో రుబ్బి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు కలుపుతాం. పూత వేశాక గోనెపట్టాలు కప్పి రోజుల తరబడి తడుపుతాం. సున్నం గాలిని పీల్చుకుంటూ నెమ్మదిగా గట్టిపడాలి. తొందరపడితే నెర్రెలిస్తుంది. "ఇంకా ఎన్నాళ్లు సార్?" అని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఇంతే: అది ఆరేదాకా.

అపోహ: గోడలో మొలిచిన రావి మొక్కను పీకేస్తే సరిపోతుంది.

వాస్తవం: వేరుతో పాటు ఇటుకా ఊడొస్తుంది. మొదలు దగ్గర కోసి, వేరు చచ్చేలా మందు పెట్టి, తర్వాత ఆ సందును సున్నంతో నింపాలి. ఈశాన్య రుతుపవనాలు రాకముందే మిద్దె మీది నీటి తూముల్లో ఆకులూ మట్టీ తీసేయాలి. 2021 నవంబరు వానలు చూసిన తిరుపతి వాళ్లకు ఎందుకో చెప్పక్కర్లేదు.

అపోహ: కోటలో గుప్తనిధులున్నాయి.

వాస్తవం: ఆ ఆశతో తవ్విన ప్రతి గుంతా పునాదికి గాయమే. దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టమే చెబుతోంది.

అపోహ: రక్షిత కట్టడం అంటే ఊరివాళ్లకు అక్కడ చోటు లేనట్టే.

వాస్తవం: 1959 నాటి ప్రాచీన కట్టడాల నిబంధనల ప్రకారం రక్షిత కట్టడంలో సభలు, విందులు, వినోద కార్యక్రమాలకు కేంద్ర ప్రభుత్వ లిఖిత అనుమతి కావాలి. ఆచారంగా వస్తున్న మతపరమైన కార్యక్రమాలకు మినహాయింపు ఉంది. అంటే తలుపు మూయలేదు, అడిగి రమ్మన్నారు. కచేరీ పెట్టుకోవాలంటే ముందే దరఖాస్తు చేయండి. వేదిక, స్పీకర్లు గోడలకు దూరంగా నేల మీదే నిలబెట్టండి. తోరణం కోసమైనా సరే, ఒక్క మేకు కూడా గోడకు దిగకూడదు.

రాజమహల్‌లోని మ్యూజియంలో గుడిమల్లం, గండికోట, యాగంటి నుంచి తెచ్చిన శిల్పాలున్నాయి. శుక్రవారం సెలవు. 15 ఏళ్లలోపు పిల్లలకు టికెట్టు అక్కర్లేదు, బడి పిల్లల్ని తీసుకురండి.