డిష్‌వాషర్‌లో కాలిన వాసన: అపోహలు - వాస్తవాలు

కాలిన వాసన వస్తోందని ఫోన్ చేసేవాళ్లు చాలామంది "మోటార్ పోయినట్టుందండీ" అంటారు. తీరా చూస్తే మోటార్ నిక్షేపంగా ఉంటుంది. కాలింది ప్లగ్గో, హీటర్ టెర్మినలో, మెషీన్‌ని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు మీది కనెక్టరో అయివుంటుంది. రెండు లోహపు ముక్కలు కలిసే చోటే ఎక్కువగా కాలుతుంది. నేను వెతకడం మొదలుపెట్టేదీ అక్కడే.

అపోహ: వేడినీళ్లతో కడిగే మెషీన్ కదా, ప్లగ్ వేడెక్కడం మామూలే.

వాస్తవం: నీళ్ల వేడికీ ప్లగ్ వేడికీ సంబంధం లేదు. హీటర్ పనిచేసేటప్పుడు మెషీన్ సుమారు 2000 వాట్లు, అంటే 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు తీసుకుంటుంది. సాకెట్ బిగుతుగా ఉంటే ప్లగ్ కాస్త గోరువెచ్చగా అవుతుంది, అంతే. లోపలి ఇత్తడి పలకలు వదులై అర ఓమ్ నిరోధం (కరెంటుకు అడ్డు) చేరిందనుకోండి, ఆ ఒక్క చోటే దాదాపు 40 వాట్ల వేడి పుడుతుంది. లోహం కరిగించి వైర్లు అతికించడానికి మేం వాడే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు! ప్లగ్ పిన్నుల చుట్టూ గోధుమరంగు కనిపించినా, వంటింట్లో చేప లేకుండానే నీచు వాసన వచ్చినా అనుమానించండి. కొన్ని రకాల ప్లాస్టిక్ వేడెక్కితే అలాంటి వాసనే వస్తుంది. వేడిగా ఉన్న ప్లగ్‌ని లాగకండి, ముందు ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట తానే పడిపోయే స్విచ్) దించండి.

అపోహ: ప్రమాదమైతే ఎంసీబీ పడిపోతుంది కదా!

వాస్తవం: కరెంటు పరిమితి దాటితేనే ఎంసీబీ పడుతుంది. లూజ్ కనెక్షన్ వల్ల కరెంటు పెరగదు, ఇంకాస్త తగ్గుతుంది. వెళ్లేది 9 ఆంపియర్లైతే 16 ఆంపియర్ల ఎంసీబీ ఎందుకు పడుతుంది? ఆర్‌సీసీబీ కూడా అంతే, ఎర్త్‌లోకి లీకయ్యే కరెంటునే పట్టుకుంటుంది. కాబట్టి ఏదీ ట్రిప్ కాకుండానే సాకెట్ కరిగిపోవచ్చు.

అపోహ: 16 ఆంపియర్ల సాకెట్ దూరంగా ఉంటే కన్వర్టర్ ప్లగ్ పెట్టి చిన్న సాకెట్‌లో వాడుకోవచ్చు.

వాస్తవం: వద్దు. ఎక్స్‌టెన్షన్ బాక్సూ వద్దు.

అపోహ: బోర్డు కాలిపోతే కొత్త బోర్డు వేస్తే సరి.

వాస్తవం: ఇక్కడే కస్టమర్ల డబ్బు ఎక్కువగా పోతుంది. బోర్డు మీద హీటర్‌ని ఆన్, ఆఫ్ చేసే రిలే ఉంటుంది. దాని కాళ్లను బోర్డుకు అతికించిన సోల్డర్ పగిలినా, పక్కనున్న కనెక్టర్ వదులైనా ఆ చోటు నల్లబడుతుంది. కొత్త బోర్డు తెచ్చి, అదే కాలిన కనెక్టర్ గుచ్చితే కొత్త బోర్డూ కాలుతుంది. నల్లబడిన వైరును మెరిసే రాగి కనిపించేదాకా కత్తిరించి, కొత్త టెర్మినల్ క్రింప్ చేయాలి, అంటే నొక్కి బిగించాలి. టేపు చుట్టడం రిపేరు కాదు. హీటర్‌ని కూడా వైర్లు తీసి మల్టీమీటర్‌తో కొలవాలి. 2000 వాట్లదైతే 26 ఓమ్‌ల దగ్గర చూపించాలి, బాడీకి మాత్రం కనెక్షన్ అసలు ఉండకూడదు. రిలే పాయింట్లు అతుక్కుపోతే హీటర్ ఆగకుండా కాలుతూనే ఉంటుంది, అప్పుడు ఆపేది థర్మల్ కటౌట్, అంటే వేడి మితిమీరితే కరెంటు తెంచే భాగం. "డైరెక్ట్ చేసేశా సార్, పనిచేస్తోంది" అని దాన్ని బైపాస్ చేసే మెకానిక్‌ని మళ్లీ పిలవకండి.

అపోహ: లో వోల్టేజీ వల్లే ప్లగ్ కాలుతుంది, స్టెబిలైజర్ పెడితే పోతుంది.

వాస్తవం: వోల్టేజీ తగ్గితే హీటర్ తీసుకునే కరెంటు కూడా తగ్గుతుంది. 180 వోల్టుల దగ్గర దాని పవర్ 60 శాతానికి పడిపోతుంది, నీళ్లు వేడెక్కడానికి టైమ్ పడుతుంది. హై వోల్టేజీ నుంచి బోర్డును కాపాడటానికి స్టెబిలైజర్ పనికొస్తుంది గానీ, వదులు సాకెట్‌ని అది బిగించదు. పైగా మరో ప్లగ్గూ మరో సాకెట్టూ మధ్యలో చేరతాయి.

అపోహ: పెద్ద కంపెనీ మెషీన్ అయితే ఇలాంటివి రావు.

వాస్తవం: పవర్ కార్డ్ వేడెక్కి మంట రావచ్చని బీఎస్‌హెచ్ కంపెనీ అమెరికాలో 2015లో బాష్ తదితర బ్రాండ్ల డిష్‌వాషర్లను రీకాల్ చేసింది, 2017లో మరిన్ని మోడళ్లను చేర్చింది. అక్కడ 120 వోల్టులే కాబట్టి అదే పవర్‌కి మన దగ్గరకంటే దాదాపు రెట్టింపు కరెంటు వెళ్తుంది. అమెరికాలో పాత మెషీన్‌తో ఇల్లు కొన్నవాళ్లు తలుపు అంచున ఉండే మోడల్, సీరియల్ నంబర్లను కంపెనీ రీకాల్ జాబితాలో చూసుకోండి.