వాగు గీసిన గీత: ఊరి ప్లాన్లు, గ్రాంట్ల మీద అపోహలు - వాస్తవాలు

2025 డిసెంబరులో తెలంగాణలో పంచాయతీ ఎన్నికలు అయ్యాయో లేదో, నా ఫోన్‌కు పని పెరిగింది. కొత్తగా గెలిచిన సర్పంచులు, వాళ్ల బామ్మర్దులు, మధ్యలో ఒకరిద్దరు కార్యదర్శులు. అందరూ అటూ ఇటూగా అడిగేది ఒకటే: "సారూ, వరదలకు సెంట్రల్ నుంచి ఏదో క్లైమేట్ ఫండ్ వచ్చిందట గదా, మన ఊరికి ఎంత వస్తది?"

నేను ఉండేది హనుమకొండలో. పంచాయతీలకు, చిన్న మున్సిపాలిటీలకు ఎస్టిమేట్లు, డీపీఆర్‌లు (పని వివరాల నివేదికలు) తయారు చేస్తాను. 2020 ఆగస్టు, 2023 జూలై, 2025 అక్టోబరు, ఈ మూడుసార్లూ మా నగరం మునగడం కళ్లారా చూశాను. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: క్లైమేట్ గ్రాంటు అని ఒకటి ఉంది, దరఖాస్తు పెడితే నేరుగా ఊరికి వస్తుంది

ఆ పేరుకు దగ్గరగా ఒకటి ఉండేది. వాతావరణ మార్పులను తట్టుకోవడానికని 2015లో కేంద్రం పెట్టిన నిధి, నాబార్డు (వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు) ద్వారా నడిచింది. మన రాష్ట్రంలో దాని కింద పాలమూరు రైతు కుటుంబాల కోసం ఒక ప్రాజెక్టు వచ్చింది. అది కూడా రాష్ట్రం పంపిన ప్రాజెక్టే, ఏ సర్పంచూ ఢిల్లీకి కాగితం పెట్టి తెచ్చుకున్నది కాదు. 2022 నవంబరు నుంచి అది పథకంగానే లేదు.

ఇప్పుడున్న డబ్బు వేరే పేర్లతో, ముక్కలుముక్కలుగా ఉంది. కేంద్రం డబ్బు రాష్ట్రాలకు, స్థానిక సంస్థలకు ఎట్లా పంచాలో చెప్పే ఆర్థిక సంఘాల్లో 15వది 2021-26 కాలానికి దేశంలోని గ్రామీణ స్థానిక సంస్థలకు 2,36,805 కోట్ల రూపాయలు సిఫారసు చేసింది. అందులో 60 శాతం టైడ్, అంటే చెప్పిన పనులకే వాడాల్సింది: సగం పారిశుధ్యానికి, సగం తాగునీటికి, వాన నీటిని పట్టి ఉంచడానికి. మిగతా 40 శాతం అన్‌టైడ్. జీతాలకు, ఆఫీసు ఖర్చులకు తప్ప ఊరి అవసరాన్ని బట్టి వాడుకునే వీలుండేది. ఊరు మునగకుండా చేసే చిన్న పనులు చాలావరకు ఈ రెండింట్లో ఎక్కడో ఒకచోట పడతాయి, 'క్లైమేట్' అన్న మాట ఎక్కడా రాయకుండానే. పట్టణాలకైతే 2021-26 కాలానికి కేంద్రం అమృత్ 2.0 అనే పట్టణ నీటి పథకం పెట్టింది. లక్ష నుంచి 10 లక్షల జనాభా ఉన్న నగరాలకు ప్రాజెక్టు ఖర్చులో మూడో వంతు కేంద్రం వాటాగా పెట్టారు, చెరువుల పునరుద్ధరణ కూడా అందులో చేర్చారు.

రెండు షరతులు మరిచిపోవద్దు. గ్రామసభలో పెట్టి, జీపీడీపీలో (ఊరి అభివృద్ధి ప్లాన్‌లో) ఎక్కించి, ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌లో అప్‌లోడ్ చేయని పనికి ఆర్థిక సంఘం డబ్బు వాడలేరు. ఎన్నికైన పాలకవర్గం లేని పంచాయతీకి ఆ డబ్బు రాదు. 2024 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేళ్లు ప్రత్యేక అధికారుల పాలనలో ఊళ్లు ఎట్లా నెట్టుకొచ్చాయో కార్యదర్శులను అడగండి, ట్రాక్టరు డీజిల్ లెక్కలతో సహా చెప్తారు. 2026 ఏప్రిల్ నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం కాబట్టి, కొత్త మార్గదర్శకాలు చదవకుండా నేను పైన రాసిన శాతాలు పట్టుకుని ప్లాన్ వేయకండి.

అపోహ: డబ్బులు వరద వచ్చి పోయాకే వస్తాయి

ఈ అపోహ సర్పంచులకే కాదు, కొందరు ఆఫీసర్లకూ ఉంది. విపత్తు నిధి అనగానే అందరికీ నష్టం అంచనాల ఫారాలే గుర్తొస్తాయి. 15వ ఆర్థిక సంఘం రాష్ట్రాల విపత్తు నిధులకు ఐదేళ్లకు 1,60,153 కోట్లు లెక్కగట్టింది. మనలాంటి రాష్ట్రాల్లో 75 శాతం కేంద్రం వాటా, 25 శాతం రాష్ట్రం వాటా. అందులో 80 శాతం విపత్తు వచ్చాక వాడేది, 20 శాతం రాకముందు వాడేది. ఆ 20 శాతాన్ని ఆఫీసుల్లో మిటిగేషన్ ఫండ్ అంటారు.

పెద్ద పెద్ద కరకట్టలు, సముద్రపు గోడలు ఈ నిధి నుంచి కట్టవద్దు, వాటికి మామూలు పథకాలున్నాయి, ఇది స్థానికంగా, జనం స్థాయిలో చేసే పనులకు అని ఆర్థిక సంఘమే చెప్పింది. అంటే మన వాగు, మన కల్వర్టు, మన కుంట. దారి జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ గుండా పోతుంది, దానికి అధ్యక్షులు కలెక్టరే. వరద వచ్చిన వారంలో కలెక్టరేట్‌కు పోతే మీ కాగితం నష్టాల కట్టలో కలిసిపోతుంది. వేసవిలో పోతే చదివే తీరిక ఉంటుంది.

అపోహ: ప్లాన్ అంటే ఎస్టిమేటే

నాకు అన్నిటికన్నా చిరాకు తెప్పించేది ఇదే. "సారూ, 300 మీటర్ల సీసీ రోడ్డు, సైడు కాల్వ, ఎస్టిమేటు కొట్టియ్యండి, దాన్నే క్లైమేట్‌ల పెడ్దాం." నేను కూడా మొదట్లో అట్లా కొట్టిచ్చినవాణ్ణే. తిరిగొచ్చాయి. ఎందుకు తిరిగొచ్చాయంటే, ఎస్టిమేటులో ఎంత ఖర్చో ఉంటుంది గానీ ఇక్కడే ఎందుకు, ఇంతే ఎందుకు అన్నది ఉండదు.

ములుగు వైపు ఒక ఊరు, పేరెందుకులెండి. 2023 జూలైలో మునిగింది. ఆ రోజుల్లోనే అదే జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది, రాష్ట్రంలో ఎన్నడూ నమోదు కానంత. పక్క జిల్లాలో మోరంచపల్లి జనం ఇళ్ల కప్పులెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఈ ఊళ్లో అంత ఘోరం జరగలేదు, కాబట్టి ఏ పేపర్లోనూ రాలేదు. నేను పోయేసరికి గోడలన్నిటికీ సున్నం వేసేశారు. ఇక నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయని అడిగితే ఒకరు మోకాలంటారు, ఒకరు మెడంటారు.

ఒక అవ్వ మాత్రం చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. వంటింటి గోడకు ఒక మేకు. "మా ముసలాయన కొట్టిండు బిడ్డా, నీళ్లు దిగినంక. గీడిదాక వచ్చినయి. బియ్యం డ్రమ్ము తేలింది."

నాకు కావలసింది ఆ మేకే. లెవల్ మిషన్ పెట్టి చూస్తే, ఊరి ముందు కల్వర్టు మీది రోడ్డు కన్నా మేకు 1.1 మీటర్లు పైన ఉంది. ఆ కల్వర్టుకు ఉన్నవి నాలుగు 600 ఎంఎం పైపులు. అందులో రెండు మట్టితో, గుర్రపుడెక్కతో సగం పూడిపోయాయి. టోపో షీటు (నేల ఎత్తుపల్లాల మ్యాపు) మీద గీసి చూస్తే పైనుంచి ఆ కల్వర్టుకు నీళ్లు వచ్చే నేల 6 చదరపు కిలోమీటర్లు.

ఇక లెక్క ఎవరైనా వేయొచ్చు. ఒక చదరపు కిలోమీటరు మీద ఒక సెంటీమీటరు వాన పడితే కోటి లీటర్లు. 6 చదరపు కిలోమీటర్ల మీద 10 సెంటీమీటర్లు పడితే 60 కోట్ల లీటర్లు. అందులో సగం ఆరు గంటల్లో పారి వచ్చినా సెకనుకు దాదాపు 14 వేల లీటర్లు. నాలుగు పైపులూ శుభ్రంగా ఉండి, నీరు సెకనుకు రెండు మీటర్ల వేగంతో పోయినా మోసేది సెకనుకు 2,300 లీటర్ల లోపే. మిగతాదంతా ఎటు పోవాలి? అవ్వ వంటింట్లోకి.

ఈ పేజీ ఉంటే అది ప్లాన్. గ్రామ నక్ష మీద మునిగిన ఇళ్లకు రంగు, మేకు ఫోటో, పైపుల కొలత, మండల వాతావరణ కేంద్రంలో ఆ రోజు నమోదైన వాన, వాగు కింద ఇంకో ఊరుంటే దాని సంగతి. ఎస్టిమేటు వీటి వెనక జతచేసేది.

అపోహ: 50 ఏళ్ల వరద ఒకసారి వచ్చిపోయింది, ఇక మనకు భయం లేదు

50 ఏళ్ల వరద అంటే ఏ సంవత్సరమైనా వచ్చే అవకాశం నూటికి రెండు అని. పోయినేడు వచ్చినా ఈ ఏడు అవకాశం అంతే. 30 ఏళ్లు నిలవాల్సిన కల్వర్టు ఆ కాలంలో అలాంటి వరదను ఒక్కసారైనా చూసే అవకాశం నూటికి 45. ఇది కూడా పాత వానల లెక్కల మీద.

అపోహ: రోడ్డు ఎత్తు పెంచితే సరిపోతుంది

ఈ తప్పు నేనే చేశాను. పదేళ్ల కిందట ఒక ఊరికి వెళ్లే రోడ్డు ఏటా మునుగుతుంటే ముప్పావు మీటరు లేపమని నేనే రాసిచ్చాను. కింద తూములు మాత్రం పాతవే, వాటికి బడ్జెట్ లేదన్నారు, నేనూ సరేనన్నాను. మరుసటి వానాకాలం రోడ్డు మునగలేదు, ఫోటోలు కూడా పంపారు. కానీ ఆ రోడ్డే కట్టలాగా అడ్డం నిలబడి, పైనున్న కాలనీలో 20 ఇళ్లలోకి నీళ్లు తోసింది. ఆ కాలనీకి అంతకు ముందెప్పుడూ నీళ్లు రాలేదు. ఒకాయన నన్ను బజార్లో ఆపి, "సారూ, మీరు రోడ్డు ఏసిండ్రా, చెరువు కట్టిండ్రా?" అన్నాడు. అప్పటి నుంచి రోడ్డు లేపే ప్రతి పనికీ తూము లెక్క కూడా పెడతాను. ఒప్పుకోకపోతే ఆ పని వదిలేస్తాను.

అపోహ: చెరువు పూడిక తీస్తే వరద ఆగిపోతుంది

కాకతీయుల గడ్డ మీద చెరువు గురించి మాట్లాడాలంటే కాస్త భయమే. పూడికతీత మంచిదే. మిషన్ కాకతీయలో 46 వేలకు పైగా చెరువులను లెక్కలోకి తీసుకున్నారు, తీసిన మట్టి పొలాలకు పోయింది, ఎండాకాలం బోర్లకు నీళ్లందాయి. కానీ జూలై చివరికి నిండుకుండలా ఉన్న చెరువు, లోతు ఎంత పెంచినా, ఆ రోజు పడ్డ వానను పట్టదు. ఆ రోజు ఊరిని కాపాడేది మత్తడి (చెరువు నిండాక నీళ్లు పొర్లి పోయే చోటు), మత్తడి కింది కాల్వ. గొలుసుకట్టు చెరువుల్లో పైచెరువు మత్తడి దూకిన నీళ్లు కింది చెరువుకు పోవాలి. మధ్యలో కాల్వ మీద ఇళ్లు లేస్తే గొలుసు తెగినట్టే. 2023 జూలై 29న వరంగల్ భద్రకాళి చెరువు కట్టకు గండి పడ్డప్పుడు నగరమంతా కట్ట గురించే మాట్లాడింది. నేనైతే ముందు నీళ్లు బయటికి పోయే దారులు చూస్తాను. మీ ప్లాన్‌లో పూడిక పక్కనే మత్తడి వెడల్పు, కాల్వ హద్దు సర్వే కూడా రాయండి. రెవెన్యూ సర్వేయర్ రావడానికి నెలలు పడుతుంది, ముందే దరఖాస్తు పెట్టండి.

అపోహ: ఆర్ఐడీఎఫ్ కూడా గ్రాంటే

కాదు. అది గ్రామీణ రోడ్లు, వంతెనల్లాంటి పనులకు నాబార్డు రాష్ట్రానికి ఇచ్చే అప్పు. ఊరు కట్టనక్కర్లేదు, కానీ రాష్ట్రం అప్పుల ప్రాధాన్యంలో మీ వంతెన ఎక్కడుందో చూసుకోవాలి.

అపోహ: ఇదంతా వరద సంగతే

రామగుండం, జగిత్యాల వైపు వాళ్లకు ఈ మాట చెప్పి చూడండి. మే నెలలో రేకుల కింద నడిచే అంగన్‌వాడీలోకి మధ్యాహ్నం రెండింటికి పోతే తెలుస్తుంది. మన రాష్ట్రానికి 2023 నుంచి కూల్ రూఫ్ విధానం ఉంది, ప్రభుత్వ భవనాలకు అది తప్పనిసరి. పైకప్పుకు ఎండను తిప్పికొట్టే తెల్ల పూత వేయడం జీపీడీపీలో పెట్టగల అతి చవకైన పని. ఫోటోలో గొప్పగా కనిపించదు కాబట్టి ఎవరూ అడగరు.

ఆ ములుగు ఊరి ఫైల్ ఇప్పుడు జిల్లాలో ఉంది. పాత పైపులు తీసేసి 900 ఎంఎం పైపులు వేస్తే సరిపోదా, బాక్స్ కల్వర్టు (పెట్టె ఆకారపు కాంక్రీటు తూము) ఎందుకు అని ఒక కొర్రీ పెట్టారు. మంచి ప్రశ్నే. అదే వాలులో 600 బదులు 900 వేస్తే పైపు దాదాపు మూడు రెట్ల నీరు మోస్తుంది. నాలుగు వేస్తే సెకనుకు 7 వేల లీటర్లకు చేరదు, మనకు కావలసింది 14 వేలు. జవాబు రాయడం అయింది. మేకు ఫోటో పాతది మసకగా ఉందన్నారు. రేపు పొద్దున పోయి, పక్కన స్కేలు పెట్టి ఇంకోటి తీసుకురావాలి. అవ్వకు ఫోన్ చేయించాను, ఇంట్లోనే ఉంటానంది.