పడవకు మెట్లు కట్టిన కాలువ

సముద్రమట్టానికి కర్నూలు సుమారు 270 మీటర్ల ఎత్తున ఉంది, కడప సుమారు 140 మీటర్ల ఎత్తున. ఈ పల్లంలో పొలాలకు నీళ్లివ్వాలని, సరుకుల పడవలూ నడపాలని 1860లలో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తవ్వించిందే కె.సి. కాలువ, అంటే కర్నూలు-కడప కాలువ. పొడవు 300 కిలోమీటర్లకు పైనే.

తుంగభద్ర వానాకాలంలో ఉరకలేస్తుంది, ఎండాకాలంలో బండలు తేలుతుంది. పడవకు కావలసింది నిలకడైన లోతు. అందుకే సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి, నీటిమట్టం పెంచి, కాలువలోకి మళ్లించారు.

అంత పల్లానికి నీటిని తిన్నగా వదిలితే వేగానికి గట్లు కోసుకుపోతాయి, పడవ ఎదురెక్కలేదు. కాబట్టి కాలువను దాదాపు సమతలంగా నడిపి, దిగవలసిన ఎత్తునంతా అక్కడక్కడా ఒక్కచోటికి చేర్చి మెట్లలా లాకులు కడతారు.

లాకు అంటే రెండు జతల తలుపుల మధ్య ఒక రాతి తొట్టి. ఎగువకు వెళ్లే పడవ లోపలికి రాగానే దిగువ తలుపులు మూస్తారు. ఎగువ తూములు ఎత్తితే నీరు చేరి, పడవ దానంతటదే పైకి లేస్తుంది. మోటారు లేదు, పంపు లేదు. నాకు అన్నిటికన్నా ముచ్చటగొలిపేది ఆ తలుపుల అమరిక. రెండు రెక్కలూ తిన్నగా కాక, ఎగువవైపు మొన తేలేలా కలుసుకుంటాయి. నీరు ఎంత నెడితే అంత గట్టిగా బిగుసుకుంటాయి. మట్టాల తేడా 3 మీటర్లుంటే, తలుపు అడుగున ప్రతి చదరపు మీటరు మీదా సుమారు 3 టన్నుల ఒత్తిడి! రెండువైపులా మట్టం సమమయ్యాక మాత్రం మనుషులే తోసి తెరవగలరు.

బలం ఖర్చు కాదు గానీ నీరు ఖర్చవుతుంది. 30 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు తొట్టిలో 3 మీటర్లు నింపాలంటే నాలుగున్నర లక్షల లీటర్లు కావాలి. పనామా కాలువలో ఆ నీరు చివరికి సముద్రం పాలవుతుంది. 2023 కరువులో అక్కడ ఓడల సంఖ్యనే తగ్గించాల్సి వచ్చింది.

కె.సి. కాలువలో లాకు దాటిన నీరు వృథా కాదు, దిగువ పొలాలకే చేరుతుంది. చిక్కంతా లోతుతోనే. రైతుకు నీరు కాలువ నుంచి మడిలోకి పారాలి, పడవకు అదే నీరు కాలువలోనే నిలవాలి. గోదావరి డెల్టాలో నీరు పుష్కలం, నేల చదును; రెండు పనులూ సాగాయి. ఇక్కడ నేల వాలు, వాన కరువు. కంపెనీ ఆశించిన రాబడి రాలేదు. 1882లో ప్రభుత్వం కాలువను కొనుగోలు చేసింది. క్రమంగా పడవలు ఆగిపోయాయి, కాలువ పూర్తిగా పొలాలదైంది. ఈ సీమలో అదే సరైన నిర్ణయమని నేను నమ్ముతాను.