గ్యాలరీ ఎందుకు ఖాళీగా ఉండాదంటే

ఒరే చిన్నోడా, పాపా, మీ ఇద్దరితో పాటు పొద్దున్నే యూనివర్సిటీ గ్రౌండ్‌కి వచ్చే మీ బ్యాచ్ అందరికీ,

మొన్న ఆదివారం ప్రాక్టీస్ అయినాక ఇడ్లీ తింటా ఉంటే పాప అడిగింది కదా, తాతా, జ్యోతి అక్క గెలిస్తే చప్పట్లు కొట్టేదానికి కూడా మనుషులు లేరే, ఎందుకని. అప్పుడు ఏదో నాలుగు మాటలు చెప్పి తప్పించుకున్నా గానీ ఇంటికొచ్చినా అదే బుర్రలో తిరగతా ఉండాది. సరే రాసేద్దామని ఫోన్ పట్టుకున్నా, అక్షరదోషాలుంటే మీరే సర్దుకోండి, నా కళ్ళజోడు మార్చాల.

నువ్వు చూసిన వీడియో 2025 మే నెలది, కొరియాలో గుమి అనే ఊర్లో ఆసియా ఛాంపియన్‌షిప్. మన వైజాగ్ పిల్ల జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్ 12.96 సెకన్లలో కొట్టేసి గోల్డ్ తీసుకునింది, చూస్తే స్టేడియం ఖాళీ. ఆ రోజు తప్పు వానది, కుమ్మేసింది. కానీ మన దేశంలో ఎండ కాసే రోజు మీట్ పెట్టినా గ్యాలరీలో కనపడేది ఎవురు? అథ్లెట్లు, కోచ్‌లు, బ్యాగులు కాపలా కాసే అమ్మానాన్నలు. అక్కడ వాన లేదు కదా.

మనోళ్ళకి పరుగు చూసే ఓపిక లేదంటారు కొందరు, నేను ఒప్పుకోను. సంక్రాంతికి రంగంపేట పశువుల పండక్కి, ఉరికే ఎద్దుల్ని పట్టుకునేది చూసేదానికి, మిమ్మల్ని తీసకపోయినా కదా, మిద్దెల మీద, గోడల మీద, చెట్ల మీద జనం. వాళ్ళకి ఎవురూ పాంప్లెట్ పంచలా. వచ్చే ఎద్దు ఎవురిదో, పోయినేడు ఎవురికీ దొరక్కుండా పోయిందో లేదో అక్కడుండే ముసలోళ్ళకీ తెలుసు, పిల్లోళ్ళకీ తెలుసు, అందుకని చూస్తారు. మన మీట్‌లో లేన్ నాలుగులో ఉండే పిల్ల ఎవురో, ఏ ఊరో, ఆమె బెస్ట్ టైమ్ ఎంతో పక్కన కూర్చున్నోడికి కూడా తెలీదు. మైకులో వినపడేది "ఫలానా చెస్ట్ నంబర్ కాల్ రూమ్‌కి రావలెను" అని, అంతే. నేను ముప్పై ఏళ్ళు ఫినిష్ లైన్ దగ్గర స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చున్నోణ్ణి, నాకే సగం మంది పేర్లు రిజల్ట్ షీట్ వచ్చినాక తెలిసేవి.

మరి ఈ ఆటని జనానికి చూపించాల్సిన పని ఎవురిది? అథ్లెటిక్స్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియాది. 1946లో పెట్టినారు. నేషనల్ మీట్‌లు జరపడం, టీమ్‌ని సెలెక్ట్ చేయడం, రికార్డులకి ముద్ర వేయడం అంతా వాళ్ళ చేతిలోనే. దాని ప్రెసిడెంట్ ఎట్ల వస్తాడో తెలుసా, మీరు ఓటేయరు, నేను వేయను, టికెట్టు కొని చూసేటోడు వేయడు. జిల్లా అసోసియేషన్లు కలిస్తే రాష్ట్ర అసోసియేషన్, రాష్ట్రాలోళ్ళు, రైల్వేస్, సైన్యం వాళ్ళ సర్వీసెస్ లాంటోళ్ళు కలిస్తే ఢిల్లీలో ఫెడరేషన్, ఓటు వాళ్ళది. అంటే గ్యాలరీ నిండినా ఓటు పెరగదు, ఖాళీగా ఉన్నా కుర్చీ కదలదు. నేను చెప్పాలనుకున్నది ఇదేరా, మిగతాదంతా దీని చుట్టూ తిరిగేదే.

పైన ఉండేటోళ్ళకి ఆట తెలీదు అనుకోవద్దండి, అది అన్యాయం. 2012 నుంచి దాదాపు పన్నెండేళ్ళు ప్రెసిడెంట్‌గా ఉన్న ఆదిల్ సుమారివాలా 1980 మాస్కో ఒలింపిక్స్‌లో 100 మీటర్లు పరిగెత్తినోడు. 2025 జనవరిలో వచ్చిన బహదూర్ సింగ్ సాగూ 2002 బుసాన్ ఆసియా క్రీడల్లో షాట్‌పుట్ గోల్డ్ కొట్టినోడు. సుమారివాలా ఉన్నప్పుడే నీరజ్ చోప్రా టోక్యోలో 87.58 మీటర్లు విసిరినాడు, 2023లో బుడాపెస్ట్‌లో మన 4×400 రిలే అబ్బాయిలు 2 నిమిషాల 59.05 సెకన్లతో ఆసియా రికార్డు పెట్టినారు, ఇవేమీ చిన్నవి కాదు. ఆగస్టు 7ని జావెలిన్ డే అని కూడా చేస్తా ఉండారు. కానీ ఒక్క నీరజ్‌ని పట్టుకుని ఆటంతా అమ్మాలంటే ఎట్ల కుదురుతుంది, ఆ బిడ్డ భుజం నొప్పి అంటే మొత్తం షాపు మూసేసుకోవాల్నా?

జ్యోతి సంగతికే వస్తా, పాపా, ఇది నీకు తెలీదనుకుంటా. 2020 జనవరిలో కర్ణాటకలో మూడబిద్రి అనే ఊర్లో ఆల్ ఇండియా ఇంటర్ యూనివర్సిటీ మీట్‌లో ఆమె 13.03లో పరిగెత్తింది. అప్పటికి నేషనల్ రికార్డు 13.38, అనురాధ బిస్వాల్‌ది, 2002 నాటిది. అంత తేడాతో కొట్టినా రికార్డు ఇవ్వలా, ఎందుకంటే అక్కడ డోప్ టెస్ట్ చేయలేదంట, ఫెడరేషన్ టెక్నికల్ మనిషి రాలేదంట. పరిగెత్తినామె చేసిన తప్పేముంది అందులో? మళ్ళీ 2022 ఏప్రిల్‌లో కోళికోడ్‌లో 13.09 కొడితే ఈసారి వెనక నుంచి తోసే గాలి, సెకనుకి 2.0 మీటర్ల దాకా పర్లేదు, ఆ రోజు 2.1 ఉండింది, రికార్డు పోయింది. గాలి రూలు రూలే, దానికి ఎవుర్నీ అనేది లేదు. ఆఖరికి మే నెలలో సైప్రస్ పోయి 13.23 కొట్టినాక గానీ పేరు ఎక్కలా. ఇట్లాంటి కథ క్రికెట్‌లో జరిగుంటే వారం రోజులు టీవీల్లో అదే కదా. మనకి మూడబిద్రి అంటే ఎక్కడ అని అడిగేటోళ్ళే ఎక్కువ.

ఇంక మన తిరుపతి సంగతి. 2019 నవంబర్‌లో ఇదే తారకరామ స్టేడియంలో నేషనల్ ఇంటర్ డిస్ట్రిక్ట్ జూనియర్ మీట్ జరిగింది, అండర్ 14, అండర్ 16. దేశం నలుమూలల నుంచి వేల మంది పిల్లోళ్ళు, రైల్వే స్టేషన్‌లో గుండు భక్తులకంటే ట్రాక్‌సూట్లే ఎక్కువ కనపడినాయి అప్పుడు. ఎంత సంబరపడినానో. తీరా చూస్తే వయసు పరీక్షలో యాభై మంది దాకా ఎక్కువ వయసోళ్ళని తేలింది, వంద మందికి పైగా పరీక్షే చేయించుకోకుండా పేరిచ్చి పారిపోయినారు. పదిహేడేళ్ళోడు మీసం గీక్కొని పదమూడేళ్ళోళ్ళ పక్కన నిలబడితే నిజంగా పదమూడేళ్ళున్నోడు ఏమైపోవాల? ఓడిపోయి, నేను పనికిరాను అనుకుని మరుసటేడు గ్రౌండ్‌కే రాడు. నేను ఆ పిల్లోడి గురించి ఏడుస్తా, పట్టుబడినోడి గురించి కాదు. పట్టుకున్నందుకు ఫెడరేషన్‌ని మెచ్చుకోవాల్సిందే, దాచిపెట్టలేదు. కానీ ఆ బర్త్ సర్టిఫికెట్లు చేతికిచ్చి రైలెక్కించిన పెద్దోళ్ళు కింద అసోసియేషన్లలోనూ ఉంటారు కదా, మళ్ళీ ఓటేసేది ఆ అసోసియేషన్లే, అక్కడికొచ్చి గట్టిగా అడిగే గొంతు సన్నబడిపోతుంది.

డోపింగ్ కూడా అంతే. డోపింగ్‌ని పట్టే ప్రపంచ సంస్థ వాడా 2023 లెక్కల్లో అన్ని ఆటలూ కలిపి మన దేశం నుంచి తీసిన 5,606 శాంపిళ్ళలో 3.8 శాతంలో నిషేధించిన మందులు దొరికినాయి, ఐదువేలకు మించి టెస్టులు చేసిన దేశాల్లో ఎవురికీ అంత లేదు. గెలిచినోడిని చూసి చప్పట్లు కొట్టాలంటే మొదట నమ్మాల కదరా.

చేస్తే ఎందుకు కాదు అనేది 2025 జులై 5న బెంగళూరు కంఠీరవలో చూసినా, నీరజ్ పేరుతో పెట్టిన జావెలిన్ పోటీ. మొదట హర్యానాలో పంచకులలో అనుకున్నారు, అక్కడ టీవీకి చాలినంత లైట్లు లేవని ఇటు మార్చినారు. ఒకే ఆట, సాయంత్రం పూట, ఎవురు ఎంత విసిరినారో ఎప్పటికప్పుడు తెలుస్తా ఉంటే జనం కదలలా. నీరజ్ 86.18తో గెలిచినాడు. మన మీట్‌లో ఏమైతుంది, పొద్దున ఏడింటికి మొదలుపెడితే సాయంత్రం దాకా ఒక పక్క షాట్‌పుట్, ఒక పక్క లాంగ్ జంప్, మధ్యలో ఫైనల్‌కి ముందు పెట్టే హీట్స్ మీద హీట్స్, ఏది చూడాలో నాకే అర్థం కాదు.

పోనీ ఇది మన ఒక్కరి జబ్బా అంటే అదీ కాదు. అమెరికా పారిస్ ఒలింపిక్స్‌లో ఒక్క ట్రాక్ అండ్ ఫీల్డ్‌లోనే 34 మెడల్స్ కొట్టింది. వాళ్ళ ఫెడరేషన్ నైకీతో 2040 దాకా ఒప్పందం చేసుకునింది, 50 కోట్ల డాలర్ల దాకా అని చెప్పుకున్నారు. అయినా ఆ డబ్బులో రన్నర్లకి ఎంత పోతుందని అక్కడా గొడవే, ఒలింపిక్స్ లేని ఏడాది చూసేటోళ్ళు తక్కువే. 2015లో నిక్ సిమండ్స్ అనే 800 మీటర్ల రన్నర్ ఫెడరేషన్ చెప్పిన బట్టల ఒప్పందం మీద సంతకం పెట్టనంటే బీజింగ్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ టీమ్‌లోంచి తీసేసినారు. డబ్బులున్న ఇంట్లోనూ కూర కోసం కొట్లాటే అనుకోండి.

మన దగ్గర 2025 ఆగస్టులో కొత్త క్రీడల చట్టం పాసయింది, ఫెడరేషన్ కమిటీలో పేరున్న ఆటగాళ్ళు కనీసం ఇద్దరు, ఆడవాళ్ళు నలుగురు ఉండాలంట. ఉండనీ, మంచిదే. పదిహేను మందిలో ఇద్దరు ఎంత గట్టిగా మాట్లాడతారో చూడాల.

ఢిల్లీ సంగతి మన చేతిలో లేదు గానీ వచ్చే నెల మన గ్రౌండ్‌లో జరిగే మీట్‌కి మైకు నాకు ఇమ్మని అడిగి పెట్టుకున్నా, సరే అన్నారు. కాబట్టి మీ బ్యాచ్‌లో ఒక్కొక్కరు ఒక చీటీ రాసియ్యండి, పేరు, ఊరు, బెస్ట్ టైమ్, ఈసారి ఎవుర్ని దాటాలనుకుంటా ఉండారో అది కూడా. ఆ చివరి లైను మాత్రం దాచకండి, నేను చదివేదే అది. శుక్రవారం లోపల అందరివీ నాకు అందాల. పాపా, నీ అక్షరాలు కోడి గెలికినట్టు ఉంటాయి, నీది మీ అన్నతో రాయించు.

మీ తాత
బాలాజీ కాలనీ, తిరుపతి