రేడియో అనౌన్సర్ అంటే పాటలు వేసే మనిషేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

"మీకేంలే అక్కా, ఏసీ గదిలో కూర్చుని పాటలేసుకుంటూ నాలుగు మాటలు మాట్లాడటమేగా!" పెళ్లిళ్లలో, బస్సుల్లో ఈ మాట చాలాసార్లు విన్నాను. పడమటి ప్రకాశంలో పద్నాలుగేళ్లుగా ఆకాశవాణి ఎఫ్ఎంలో క్యాజువల్ అనౌన్సర్‌గా, అంటే పర్మనెంటు కాకుండా డ్యూటీ ఇచ్చిన రోజుల్లో మాత్రమే, చేస్తున్నాను. ఈ పనిలోకి రావాలనుకునే పిల్లలు కూడా ఇదే అనుకుని వస్తున్నారు. అందుకే రాస్తున్నా.

అపోహ: గొంతు బాగుంటే చాలు.

గొంతు కావాలి, కాదనను. ఆడిషన్‌లో రాతపరీక్ష తర్వాత స్వరపరీక్ష ఉంటుంది. శ, ష, స తేడా, ల, ళ తేడా, వత్తులు అన్నీ చూస్తారు. "ఫలితం"లో ఫని ఇంగ్లీషు ఎఫ్‌లా పలికితే అక్కడే దొరికిపోతాం. కానీ గొంతు లోపలికి రానిస్తుందంతే. లోపల నిలబెట్టేది చేతిలో ఉన్న కాగితాన్ని ఎంత జాగ్రత్తగా చదివామన్నదే.

ఇది నా తప్పు, నేనే చెప్పాలి. చేరిన రెండో ఏడు. తర్లుపాడు మండలంలోని ఒక ఊళ్లో పశువులకు గాలికుంటు టీకాలు వేస్తారని ప్రకటన వచ్చింది. కాగితం మీద సోమవారం అని ఉంది. నేను శనివారం అని చదివాను. పైన ఇంకో ప్రకటనలో శనివారం ఉంది, కన్ను అక్కడికి జారింది. శనివారం మధ్యాహ్నం ఒక పెద్దాయన ఫోన్ చేశాడు. రెండు బర్రెల్ని నాలుగు కిలోమీటర్లు తోలుకొచ్చాడట. "అమ్మా, నువ్వే చెప్తివి కదా, ఇక్కడెవరూ లేరే" అన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. ఆ రోజే మూడుసార్లు సవరణ చదివాం. ఆయన మాత్రం అప్పటికే ఎండలో వెనక్కి నడిచాడు.

అప్పట్నుంచి తేదీ, వారం, ఊరు, టైము ఉన్న ఏ కాగితాన్నయినా ముందు క్యాలెండర్‌తో సరిచూసి, వేలు పెట్టి పైకి చదివి, ఆ తర్వాతే మైకు ముందుకు వెళ్తాను. ఇన్నేళ్లయినా మానలేదు.

అపోహ: మీకు నచ్చిన పాటలు మీరు వేసుకుంటారు.

క్యూ షీట్ ముందే తయారై ఉంటుంది. ఏ పాట, ఎన్ని నిమిషాలు, ఏ టైముకు, అన్నీ అందులోనే. మా పని దాన్ని సెకనుకు సెకను నడపడం. పొద్దున 6.45కి విజయవాడ నుంచి ప్రాంతీయ వార్తలు తీసుకోవాలి. పాట 6.44 దాటిన ఇరవై సెకన్లకే అయిపోయిందనుకోండి, మిగిలిన నలభై సెకన్లు మావే. గడియారంలో సెకన్ల ముల్లు మీద ఒక కన్ను, శబ్దం పెంచి తగ్గించే ఫేడర్ మీద వేలు. ఆ రోజు వాతావరణమో, ఊళ్లో జరిగే కార్యక్రమమో చెప్పి, సరిగ్గా చివరి సెకనుకు మాట ముగించాలి. ఎక్కువైతే వార్తల తల తెగుతుంది. తక్కువైతే నిశ్శబ్దం. వినేవాళ్లకు ఐదు సెకన్ల నిశ్శబ్దం వస్తే రేడియో పాడైందనుకుని ఒక దెబ్బేస్తారు!

అపోహ: ఇప్పుడు రేడియో ఎవరు వింటారు?

నాకు బాధ కలిగించేది ఈ ప్రశ్నే. మార్కాపురం పలకల కార్ఖానాలకు ఒకసారి వెళ్లి చూడండి. రాతి దుమ్ములో రెండు చేతులూ పనిలో ఉన్నవాళ్లు ఫోన్ పట్టుకుని చూడలేరు. చెవి మాత్రం ఖాళీగా ఉంటుంది. బత్తాయి తోటల్లో కాపలా ఉండేవాళ్లు, రాత్రి లారీలు నడిపేవాళ్లు కూడా అంతే.

2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. గంటకు 90 నుంచి 100 కిలోమీటర్ల గాలి. మాకు సముద్రం దూరమే. కానీ మా వైపు వాళ్లు కూలికి తీరం ఊళ్లకు పోతుంటారు. ఆ రోజు ఒకావిడ ఫోన్ చేసింది. "మా ఆయన చీరాల కాడ ఉన్నాడక్కా, ఫోన్ కలవట్లా, తుపాను యాడికొచ్చిందో చెప్పు" అంది. వాతావరణ శాఖ బులెటిన్ తీసి చదివాను. అందులో ఉన్నదే చెప్పాను, ధైర్యం కోసం కూడా ఒక్క మాట కలపలేదు. అలా కలపడం మాకు తప్పు. టవర్లు పడిపోయినా రెండు బ్యాటరీలతో నడిచే డబ్బా పనిచేస్తుంది. ఫోన్లలో ఎఫ్ఎం పెట్టమని కేంద్ర ప్రభుత్వం 2023లో కంపెనీలకు సూచించింది కూడా ఇలాంటి రోజుల కోసమే.

ఎఫ్ఎంకు ఒక ఇబ్బంది ఉన్న మాట నిజం. ఆ తరంగాలు కొండ అడ్డొస్తే ఆగిపోతాయి. నల్లమల పక్కన కొన్ని ఊళ్లలో మేం గరగరగా వినిపిస్తాం, కొన్నింట్లో అసలు వినిపించం. పాత రేడియోల్లో వచ్చే మీడియం వేవ్ పోయినంత దూరం ఇది పోదు.

అపోహ: పుస్తకాల తెలుగే మాట్లాడాలి.

ప్రకటనకు ఒక భాష, మనిషితో ఒక భాష. రైతు దగ్గర రికార్డింగుకు వెళ్లి "మీ కంది పంట పరిస్థితి వివరించండి" అంటే ఆయన బిగుసుకుపోయి "బాగానే ఉందండీ" అని ఊరుకుంటాడు. "ఏందన్నా, కంది ఎట్టుంది ఈసారి?" అంటే పురుగు మందు ధర దగ్గర్నుంచి బోరు ఎండిన కథ దాకా చెప్తాడు. ఆ మాటను మనం స్టూడియోలో తయారు చేయలేం.

అపోహ: సెంట్రల్ గవర్నమెంట్ ఉద్యోగం కదా, జీతానికేం!

క్యాజువల్ అనౌన్సర్లకు నెల జీతం ఉండదు. చేసిన డ్యూటీకే డబ్బులు, నెలకు ఆరు డ్యూటీలకు మించి ఇవ్వరు. అందుకే మాలో దాదాపు అందరికీ ఇంకో పని ఉంటుంది. నేను ట్యూషన్లు చెప్తాను. తెల్లవారుజాము డ్యూటీ ముగించుకుని బస్సెక్కి, ఎనిమిదో తరగతి లెక్కల దగ్గరికి వెళ్తాను. ఇల్లు గడవడానికి ఇదొక్కటే నమ్ముకోకండి, ముందే చెప్తున్నా.

అయినా రావాలనుంటే ఈ రోజే మొదలుపెట్టండి. రోజూ పది నిమిషాలు పేపరు పైకి చదివి, ఫోన్‌లో రికార్డు చేసి, మర్నాడు వినండి. మీ మండలంలో ఊళ్ల పేర్లన్నీ ఒక కాగితం మీద రాసుకుని, ఆ ఊరివాళ్లు పలికినట్టే పలకడం నేర్చుకోండి. మొదటి డ్యూటీ రోజు అన్నిటికంటే ముందు మీకు అవి కావాలి.