గుమ్మడికి కార్తె ఒకటి, బతుకమ్మకు తిథి ఒకటి

హన్మకొండలో మా ఇంటి వెనక గుంటెడు జాగ ఉంది. మూడేళ్ల కింద డిసెంబరు చివర్లో ఒక నర్సరీ నుంచి గుమ్మడి నారు తెచ్చి అక్కడ నాటాను. ఒక్కో మొక్కకు ఐదారు ఆకులు, లావు కాడ, చూస్తే ముచ్చటేసేది. ఇరవై రోజులు గడిచినా కొత్త ఆకు రాలేదు. పైగా పొద్దున లేచి చూస్తే ఆకులు వాలిపోయి ఉండేవి. నీళ్లు చాలలేదేమోనని ఇంకో చెంబెడు పోసేవాణ్ని. పక్కింటి అవ్వ గోడ మీంచి తొంగిచూసి, "గింజ పెట్టక మొక్క పెడ్తివి బిడ్డా. అది అలిగింది" అన్నది. సంక్రాంతి పోయిన రెండు వారాలకు ఆమె తన దడి పక్కన నాలుగు గింజలు గుచ్చింది. మార్చి చివరికి ఆమె తీగ దడి దాటి మా గోడెక్కింది. నా మొక్కలు ఒక్కొక్కటిగా ఎండిపోయాయి.

అవ్వ చెప్పిన అలకకు రెండు కారణాలున్నాయి. అర్థం కావడానికి నాకు ఇంకో రెండు సీజన్లు పట్టింది.

మొదటిది నేల చలి. గుమ్మడి వేడి దేశపు మొక్క. గింజ మొలవడానికి దానికి ఇష్టమైన నేల వేడి 30 నుంచి 35 డిగ్రీలు. 15 డిగ్రీలకు దిగితే గింజ దాదాపు కదలదు, తడిలో నానుతూ కుళ్లిపోతుంది. మొలిచిన మొక్కకు కూడా పది డిగ్రీల లోపు చలి గాయమే. గడ్డకట్టే చలి అక్కర్లేదు. వేరు కణాల చుట్టూ ఉండే పల్చటి కొవ్వు పొర చలికి బిగుసుకుంటుంది, నీటిని లోపలికి తీసుకునే దారులు మూసుకుపోతాయి. పొద్దెక్కి ఆకుల మీద ఎండ పడగానే పైన నీరు ఆవిరవుతూ ఉంటుంది, కింద వేరు అందించలేదు. అందుకే నేల తడిగా ఉన్నా ఆకు వాడుతుంది. నేను పోసిన చెంబెడు నీళ్లు ఆ నేలను ఇంకాస్త చల్లబరిచాయి, అంతే.

రెండో కారణం నారు వయసు. టమాట, మిరప, వంకాయ నారు పీకి నాటినా తట్టుకుంటుంది, తెగిన చోట కొత్త వేర్లు తొందరగా పుడతాయి. గుమ్మడి, సొర, బీర, కాకర జాతికి ఆ గుణం తక్కువ. వాటి వేర్లు త్వరగా ముదురుతాయి, ముదిరిన వేరు మీద బెండులాంటి పొర పడుతుంది. అది తెగితే దాని స్థానంలో కొత్తది రావడం కష్టం. కాబట్టి గుమ్మడి నారు నాటే వయసు రెండు అసలు ఆకులు విచ్చుకునే నాటిది, వెచ్చటి చోట అయితే గింజ పెట్టిన 12 నుంచి 15 రోజులు. ట్రేలో వేర్లు చుట్టలు చుట్టుకున్న ఐదాకుల మొక్క కంటికి నచ్చుతుంది, నేలకు నచ్చదు. నేను డబ్బులు పెట్టి కొన్నది అదే.

ఇప్పుడు మోదుగాకు దొప్పలు వాడుతున్నాను. దొప్పలో మట్టి, మాగిన పెంట కలిపి నింపి గింజ పెడతాను. రెండాకులు రాగానే దొప్పతో సహా గుంతలో దించుతాను. ఆకు మట్టిలో కలిసిపోతుంది, వేరుకు చెయ్యి తగలదు. పొద్దుగూకే ముందు నాటితే రాత్రంతా మొక్క కుదురుకుంటుంది.

నారు ఎప్పుడు నాటాలన్న ప్రశ్నకు చలి దేశాల్లో జవాబు ఒక్క ముక్కలో ఉంటుంది: ఆఖరి మంచు పడి పోయాక. ఇంగ్లండులోనో, అమెరికా ఉత్తరాదినో ఏప్రిల్‌లో ఇంట్లో కిటికీ పక్కన నారు పోసి, మే చివరా జూన్ మొదట్లో బయటికి తెస్తారు. ఆ ముందు వారం రోజులు మొక్కను పగలు కాసేపు బయట, రాత్రి లోపల ఉంచి అలవాటు చేస్తారు. వాళ్లకు వేసవి చిన్నది కాబట్టి నారుతో నాలుగు వారాలు మిగుల్చుకుంటారు. గుమ్మడి రకాలకు అక్కడున్న "వింటర్ స్క్వాష్" అన్న పేరు చూసి చలికాలపు పంట అనుకోవద్దు. వేసవిలో పండించి చలికాలమంతా దాచుకు తినేది అని దాని అర్థం. మన ఇళ్లలో ఉట్టి మీద నెలల తరబడి ఉండే గుమ్మడి పండు లాంటిదే. మనకు స్క్వాష్ అంటే సీసాలో పోసుకునే పానకం కావడం వల్ల ఇంకాస్త గందరగోళం.

గుమ్మడి అసలు పుట్టుక అమెరికా ఖండంలోనే. మెక్సికోలోని వహాకా ప్రాంతంలో గిలా నకీట్జ్ అనే గుహలో దొరికిన గుమ్మడి జాతి గింజలు దాదాపు పదివేల ఏళ్ల నాటివని 1997లో తేల్చారు. మనం కూర వండే తియ్య గుమ్మడి ఆ కుటుంబానిదే. దిష్టి తీసే బూడిద గుమ్మడి మాత్రం ఆసియా మొక్క, వేరే ప్రజాతి. అమెరికా నుంచి వచ్చిన పువ్వు మన బతుకమ్మ మీద ఎంత కుదురుగా కూర్చుందో చూస్తే, తంగేడుతో కలిసి ఇక్కడే పుట్టిందనిపిస్తుంది.

వరంగల్లో మంచు గడ్డకట్టదు. ఇక్కడ లెక్క తలకిందులు. మనం తప్పించుకోవాల్సింది ఒకవైపు డిసెంబరు, జనవరి రాత్రులు, ఇంకోవైపు ఏప్రిల్, మే ఎండలు. ఈ రెంటి మధ్య సందు చిన్నది. పైగా ఆ ఎండ దెబ్బ కనిపించేది ఆకు మీద కాదు, పువ్వు మీద.

గుమ్మడి తీగకు మగ పువ్వు వేరు, ఆడ పువ్వు వేరు. ముందు మగవి పూస్తాయి, వారం పది రోజుల తర్వాత ఆడవి మొదలవుతాయి. ఏ కణుపులో ఏది రావాలనేది పూత నాటి నిర్ణయం కాదు. మొక్క రెండు, నాలుగు ఆకుల దశలో ఉన్నప్పుడే లోపల మొగ్గలు దారి పట్టడం మొదలవుతుంది. 1952లో అమెరికాలో నిట్ష్, వెంట్ అనే వృక్ష శాస్త్రవేత్తలు, వారి సహచరులు వేడి, వెలుతురు అదుపులో ఉన్న గదుల్లో ఈ జాతి మొక్కలను పెంచి చూశారు. పగలు పొడుగై రాత్రులు వేడిగా ఉంటే తీగ మగ పువ్వులే పూస్తూ పోయింది. పగలు తగ్గి రాత్రులు చల్లబడితే ఆడ పువ్వులు తొందరగా వచ్చాయి. లోపల పని చేసేవి హార్మోన్లు. మామిడిని మాగబెట్టే ఎథిలీన్ ఇక్కడ ఆడ పువ్వులను పెంచుతుంది. అందుకే రైతులు రెండాకుల దశలో ఒకసారి, నాలుగాకుల దశలో ఒకసారి లీటరు నీటికి 250 మిల్లీగ్రాముల లెక్కన, మొక్కలో ఎథిలీన్‌ను విడుదల చేసే ఎథెఫాన్ మందు కొడతారు.

కాబట్టి ఏప్రిల్‌లో నాటిన మొక్క చచ్చిపోదు. తీగ సాగుతుంది, పువ్వులు విరగబూస్తాయి, కాయ ఉండదు. "పూత మస్తుగుంది, పిందె లేదు" అని చెప్పేవాళ్లలో సగం మంది నాటిన తేదీ అడిగి చూడండి.

నారు పోయడం నిజంగా కలిసొచ్చేది యాసంగిలోనే అని నా అభిప్రాయం. డిసెంబరు చివర్లో గింజలను దొప్పల్లో పెట్టి, రాత్రి వంటింట్లో, పగలు ఎండలో ఉంచితే బయట నేల చల్లగా ఉన్నా మొలక వస్తుంది. సంక్రాంతి దాటి రాత్రి చలి తగ్గగానే నాటితే మార్చి మొదట్లో పూత అందుకుంటుంది, ఎండలు ముదిరేలోపు పిందె నిలబడుతుంది. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు రాత్రి వేడి పది డిగ్రీల లోపుకు దిగే రోజులు ఎక్కువ. అక్కడ ఫిబ్రవరి వచ్చేదాకా ఆగడమే మేలు. తేదీ కంటే నమ్మదగ్గ గుర్తు ఇంకోటుంది. పొద్దున ఏడింటికి వేలెడు లోతులో థర్మామీటరు గుచ్చితే 20 డిగ్రీలు చూపాలి. చెలక నేల ముందు వేడెక్కుతుంది, తడి పట్టి ఉన్న రేగడి ఆలస్యంగా.

ఈ కాలంలో నారును పట్టి పీడించేది ఎర్ర పెంకు పురుగు. లేత ఆకులకు గుండ్రటి బొక్కలు పెట్టి రెండు రోజుల్లో మొక్కను ఈనెలు చేస్తుంది. ఐదారు ఆకులు దాటితే తట్టుకుంటుంది. అప్పటిదాకా పొద్దున్నే మంచు తడి ఉండగా ఏరేయడం, పొయ్యి బూడిద చల్లడం పక్కింటి అవ్వ పద్ధతి. గంధకపు మందులు మాత్రం ఈ జాతి మీద కొట్టొద్దు, ఆకులు మాడిపోతాయి.

వానకాలం సంగతి వేరు. రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు, ఆ నేలలో ఏదీ పెట్టే పని లేదు. మిరుగు (మృగశిర కార్తె), అంటే జూన్ 8 ప్రాంతంలో, వానపడి నేల చల్లబడ్డాక గింజ వేస్తే నాలుగైదు రోజుల్లో మొలుస్తుంది. నారు అక్కర్లేదు. అయితే మిరుగులో పెట్టిన తీగ పూతకు వచ్చేది జూలై చివర, ఆగస్టులో. గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చి పది, పదకొండు గంటలకు ముడుచుకుంటుంది. పుప్పొడి బరువైనది, జిగటది, గాలికి ఎగరదు, తేనెటీగ మోయాల్సిందే. ముసురు పట్టిన పొద్దున తేనెటీగ బయటికి రాదు. పైగా వాన చుక్క తగిలిన పుప్పొడి రేణువు నీళ్లు పీల్చి పగిలిపోతుంది. ఆ పూట పూసిన ఆడ పువ్వుకు ఇంకో పూట లేదు, పిందె పసుపెక్కి రాలుతుంది. 2023 జూలై 27న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో నమోదైన వాన 649.8 మిల్లీమీటర్లు. అలాంటి వాన ఎప్పుడో గానీ రాదు, కానీ జూలైలో రెండు రోజులు నీళ్లు నిలిచినా గాలి అందని వేరు, చలికి బిగుసుకున్న వేరులాగే ప్రవర్తిస్తుంది. తడి నేలలోనే ఆకు వాలుతుంది. అందుకని ఈ కాలంలో గుంత కాదు, ఎత్తు మట్టి కుప్ప మీద గింజ పెట్టాలి.

ఇక బతుకమ్మ. కార్తెలు సూర్యుడి లెక్క. 365 రోజులను 27 నక్షత్రాలకు పంచితే ఒక్కో కార్తెకు పదమూడున్నర రోజులు, కాబట్టి ఏటా దాదాపు అదే తేదీకి వస్తాయి. పండుగ మొదటి రోజైన ఎంగిలిపూల బతుకమ్మ పెద్ద అమావాస్య నాడు, అది చంద్రుడి లెక్క. 2023లో అక్టోబరు 14, 2024లో అక్టోబరు 2, 2025లో సెప్టెంబరు 21. ఏడాదికి పదకొండు పన్నెండు రోజులు ముందుకు జరుగుతూ వచ్చి, 2026లో అధిక మాసం పడటంతో మళ్లీ అక్టోబరు 10కి వెళ్తుంది. ఒకే కార్తెలో గింజ వేస్తూ పోతే ఒక ఏడు పండుగకు తీగ నిండా పూలుంటాయి, ఇంకో ఏడు బూడిద తెగులు పట్టిన ముదురు ఆకులే మిగులుతాయి.

గింజ పెట్టిన 45, 50 రోజులకు మగ పువ్వు మొదలవుతుంది. ఇంకో రెండు వారాలకు పూత ఊపందుకుంటుంది. అంటే అమావాస్యకు 60 నుంచి 70 రోజుల ముందు గింజ పడాలి. 2025 పండుగకు అది జూలై మూడో వారం, పునర్వసు చివర పుష్యమి మొదలు. 2026కు ఆగస్టు మొదటి పది రోజులు, ఆశ్లేష. అమెరికాలో అక్టోబరు 31 నాటి హాలోవీన్‌కు గుమ్మడి పండించే రైతులూ పండుగ నుంచి వెనక్కే లెక్కపెడతారు. వాళ్లకు కావాల్సింది ముదిరిన కాయ కాబట్టి వంద రోజులకు పైన. మనకు పువ్వు చాలు.

ఈ ఆలస్యం వల్ల కాయకూ మేలు జరుగుతుంది. వరంగల్లో జూన్ చివర పగలు 13 గంటల 10 నిమిషాల దాకా ఉంటుంది, సెప్టెంబరు చివరికి 12 గంటలకు వస్తుంది, రాత్రులు చల్లబడతాయి, వానలు పలచబడతాయి. ఆడ పువ్వుకు కావాల్సినవన్నీ అప్పుడే సమకూరతాయి.

పండుగ నాడు తెల్లవారకముందే అవ్వ టార్చిలైటు పట్టుకుని దడి దగ్గరికి వస్తుంది. పువ్వు కింద వేలుపెట్టి తడుముతుంది. ఉండలాంటి పిందె తగిలితే వదిలేస్తుంది, సన్నటి కాడ మాత్రమే తగిలితే తుంచుతుంది. ప్రతి తీగకు రెండు మూడు మగ పువ్వులు తేనెటీగల కోసం ఉంచుతుంది. తెంపినవి సాయంత్రం దాకా వాడకుండా కాడలు నీళ్లలో ఉండేలా ఇత్తడి బిందెలో పెడుతుంది. మా గోడ మీదికి పాకిన తీగ పువ్వులు ఎవరివనే తగువు మాకింకా తెగలేదు.