కింది దారం ఎక్కణ్ణుంచి వస్తుంది?

అజిత్‌సింగ్ నగర్,
విజయవాడ.

చిరంజీవి అమ్ములుకి, అమ్ములు మిషన్ తొక్కుతుంటే చుట్టూ మూగే మిగతా పిల్లలకి, తాతయ్య దీవెనలు.

మొన్న రాత్రి ఫోన్‌లో నువ్వొక ప్రశ్న అడిగావు. "రేపు చెప్తాలే, పడుకో" అన్నాను. నీకు నిద్ర టైమైందని కాదమ్మా, నాకు చప్పున జవాబు తట్టక. మనింట్లో యాభై ఏళ్ళుగా కుట్టుమిషన్ ఉంది. చిన్నప్పుడు మీ అమ్మకి ఆ చప్పుడు లేనిదే మధ్యాహ్నం నిద్రపట్టేది కాదు. అయినా ఇన్నేళ్ళలో ఆ మాట నన్నెవరూ అడగలేదు, నేనూ ఎవర్నీ అడగలేదు.

నువ్వన్నదిది. "చేత్తో కుట్టేటప్పుడు సూది మొత్తం అటుపక్కకి వెళ్ళి మళ్ళీ ఇటు వస్తుంది. మిషన్ సూది కాస్త దిగి, దిగిన చిల్లులోంచే పైకొచ్చేస్తుంది. దిగిన దారం కూడా దాంతోపాటే వచ్చెయ్యాలి కదా తాతయ్యా? మరి కుట్టెలా పడుతోంది? కింది దారం ఎక్కణ్ణుంచి వచ్చి దాన్ని పట్టుకుంటోంది?"

ముందు ఒక పని చెయ్యి. చేతిసూదినీ మిషన్ సూదినీ పక్కపక్కన పెట్టి చూడు. చేతిసూదికి బెజ్జం తోక దగ్గరుంటుంది, మిషన్ సూదికి మొన దగ్గర. అంత చిన్న తేడాయే. అది తట్టడానికి మనుషులకి వేల ఏళ్ళు పట్టింది. 1846లో అమెరికాలో ఎలియాస్ హౌ అనే ఆయన అలాంటి సూదితో, రెండు దారాలతో కుట్టే మిషన్‌కి పేటెంటు తీసుకున్నాడు. ఆయనకి కలలో ఎవరో బల్లేలు పట్టుకుని మీదికొచ్చారనీ, ఆ బల్లేల మొనల దగ్గర చిల్లులున్నాయనీ, ఉలిక్కిపడి లేచి సూది చేసుకున్నాడనీ ఒక కథ చెబుతారు. నమ్మినా నమ్మకపోయినా నీ ఇష్టం. నన్నడిగితే ఆయన ఏ నూతి గట్టు మీదో కూర్చుని ఉంటాడంటాను.

నూతి గట్టెందుకంటే, నేను పుట్టి పెరిగిన సత్యనారాయణపురం ఇంటి పెరట్లో నుయ్యి ఉండేది. గిలక, చేంతాడు, తాడు చివర బొక్కెన. నువ్వు కుట్టే గుడ్డే నూతి గట్టనుకో. సూది బొక్కెన. పై దారం చేంతాడు. నూతి అడుగున ఒక బద్ధకస్తుడు కూర్చున్నాడనుకో, వాడి ఒళ్ళో ఒక దారపు ఉండ. వాడే నీ బాబిన్, అంటే మిషన్ అడుగున కింది దారం చుట్టి పెట్టే చిన్న కండె. వాడు లేవడు, పైకి రాడు, పొద్దస్తమానం కూర్చుని అడిగినంత దారం వదులుతుంటాడు.

బొక్కెన సర్రున దిగుతుంది. దిగినంతసేపూ తాడు బిగువుగానే ఉంటుంది. అడుక్కి తగిలాక తాడు సడలి పక్కకి మెలిక పడుతుంది చూడు, సూది దగ్గరా అలాంటిదే జరుగుతుంది. సూది అడుగుదాకా దిగి పైకి లేవబోతుంది. దారం మాత్రం గుడ్డకి ఒరుసుకుని వెంటనే పైకి రాలేదు, వెనకబడుతుంది. ఆ వెనకబడ్డ దారం సూది పక్కన చిన్న ఉచ్చులా ఉబ్బుతుంది. కిటుకంతా ఆ ఉబ్బులోనే ఉంది. సరిగ్గా ఆ క్షణానికి ఒక కొక్కెం వచ్చి ఆ ఉచ్చులోకి ముక్కు దూరుస్తుంది.

కొక్కెం అన్నాక పాతాళగరిగె గురించి చెప్పకుండా ఉండలేను. తాడు తెగి బొక్కెన నూతిలో పడిపోతే తీసే సాధనం అది. ఇనప కడియం, దానికి చుట్టూ వేలాడే కొక్కేలు. మా వీధి మొత్తానికి ఒక్కరింట్లోనే ఉండేది. ఊరికే ఇచ్చేవాళ్ళు కాదు, తిరిగి తెచ్చిచ్చేదాకా ఓ ఇత్తడి చెంబు వాళ్ళింట్లో పెట్టి రావాలి. ఆ చెంబు మోసుకెళ్ళడం నా డ్యూటీ. గరిగె వేశాక గట్టు మీద బోర్లా పడుకుని తాడు మెల్లగా కదుపుతూ ఉండాలి. కళ్ళకేమీ కనపడదు. ఏదైనా తగిలితే తాడే చేతికి చెబుతుంది. ఒకసారి మా బొక్కెన కోసం వేస్తే బొక్కెన రాలేదు, పక్కింటివాళ్ళు రెండేళ్ళ కిందట పోయిందని గోలపెట్టిన మరచెంబు వచ్చింది. అది మా నూతిలోకి ఎలా వచ్చిందన్న దాని మీద మా అమ్మకీ పక్కింటావిడకీ నెల్లాళ్ళు మాటల్లేవు. సరే, అదంతా ఇప్పుడెందుకు.

మిషన్ కొక్కెం ఆ ఉచ్చుని పట్టుకుని, సాగదీసి, వెడల్పు చేసి, బద్ధకస్తుడి నెత్తిమీంచి, ఒళ్ళోని ఉండతో సహా, పసివాడికి జుబ్బా తొడిగినట్టు తొడిగేసి అటుపక్కన వదిలేస్తుంది. ఇంతలో పైన గిలక, అంటే కుట్టేటప్పుడు నీ మొహం ముందు ఎగిరెగిరి పడే ఆ మీట, తాడుని చటుక్కున లాగేస్తుంది. జుబ్బా మనిషిని దాటిపోయింది. వాడి చేతిలోంచి పైకి వెళ్ళే దారం మాత్రం అందులో చిక్కుకుంది. రెండు దారాలూ ఒకదాన్నొకటి పట్టుకుని గుడ్డ మందంలోకి పోయి బిగుసుకుంటాయి. అదీ ఒక కుట్టు. అంగుళానికి అలాంటివి పది.

నూతిలో మనిషికి ఊపిరెలా ఆడుతుంది తాతయ్యా అంటావు. జుబ్బా అన్నాక చేతులు దూర్చాలి కదా అని మీ తమ్ముడంటాడు. ఒప్పుకున్నాను. ఉపమానాన్ని మరీ లోతుకి దించాను, తాడు తెగకముందే పైకి లాగేస్తాను.

లాగేముందు ఇంకొక్కటి. ఆ ఉచ్చు బద్ధకస్తుణ్ణి చుట్టి రావాలంటే బెత్తెడు దారమైనా కావాలి కదా. కుట్టులో ఖర్చయ్యేది వడ్లగింజలో సగం. మిగిలిందంతా మళ్ళీ పైకి వెళ్ళిపోతుంది. అంటే ఒక్కో దారం ముక్క ఎక్కడో ఒక కుట్టులో కుదురుకునే లోపల సూది బెజ్జంలోంచి సుమారు ఇరవైసార్లు కిందికీ పైకీ తిరుగుతుందన్నమాట. లెక్క వేసుకుని చూస్తే నాకే ఆశ్చర్యమేసింది. చవక దారం పీచులేచి పుటుక్కున తెగేది అందుకే. గుడ్డ పాతదైనా ఫరవాలేదు, దారం దగ్గర మాత్రం పిసినారితనం చెయ్యకు.

ఇక నువ్వు పంపిన ఫొటో. కుట్టు పైన చక్కగానే ఉంది, తిరగేస్తే కింద కాకిగూడు. దానికి నువ్వు బాబిన్‌ని తిట్టి, నాలుగుసార్లు తీసి నాలుగుసార్లు పెట్టావట. పాపం వాడేం చెయ్యలేదే! కింద గూడు కట్టిందంటే తప్పు దాదాపు ఎప్పుడూ పై దారానిదే. మిషన్ ముందువైపు రెండు బిళ్ళలు, ఒక స్ప్రింగు, తిప్పే మర ఉంటాయి చూడు, దాన్నే టెన్షన్ అంటారు. దారం ఆ బిళ్ళల మధ్య నలుగుతూ రావాలి. నువ్వు ఫుట్, అంటే గుడ్డని నొక్కిపట్టే ఆ పాదం, దించేసి దారం ఎక్కించి ఉంటావు. అప్పుడు బిళ్ళలు మూసుకుని ఉంటాయి, దారం లోపలికి పోక అంచు మీదే ఉండిపోతుంది. పట్టుకునేవాళ్ళు లేని చేంతాడు నూతిలోకి జారిపోయి కుప్పపడదూ? ఫుట్ పైకెత్తి మళ్ళీ ఎక్కించు, సగం రోగం కుదురుతుంది. కింది దారం పైకి చుక్కలు చుక్కలుగా కనపడితే మాత్రం పై దారం మరీ బిగువైందని. మర కొంచెం వదులు చెయ్యి.

ఇంట్లో దెబ్బలాటలు కూడా ఇలాగే ఉంటాయి. గోల ఎక్కడ వినపడితే తప్పక్కడే అనుకుంటాం. మరచెంబు విషయంలో మా అమ్మ పడ్డ మాటలు అలాంటివే.

ఏ గుడ్డ చూసినా తిరగేసి చూసే జబ్బు నాకు మా వీధి చివర అరుగు మీద కుట్టే టైలర్ దగ్గర అంటింది. ఆయన్ని అందరం మాస్టారనే వాళ్ళం. చూపు ఆనేది కాదు, సూదిలో దారం ఎక్కించడానికి నన్ను పిలిచేవాడు. కూలి కింద పీలికలు ఇచ్చేవాడు. ఎవరి చొక్కా చూసినా ముందు లోపలి వైపు చూసి, కుట్టినవాడి గుణం చెప్పేవాడు. ఇప్పటికీ పంద్రాగస్టుకి జెండా చూస్తే నాకదే ధ్యాస. 1921లో గాంధీగారు మన బెజవాడ వచ్చినప్పుడు పింగళి వెంకయ్యగారు జెండా చూపించారని మీ పుస్తకంలో చదివే ఉంటావు. దాన్ని కుట్టిన చెయ్యి ఎవరిదో, తిరగేస్తే ఎలా ఉండేదో అనుకుంటాను.

నా మొదటి కానుక మా నాయనమ్మకి. ఆకూవక్కా చిల్లరా వేసుకుని బొడ్లో దోపుకునే తిత్తి. పదేళ్ళుంటాయి నాకు. మాస్టారిచ్చిన పువ్వుల పీలికలు రెండు తీసుకున్నాను. పువ్వులు లోపలికి పెట్టి ఉల్టా కుట్టి తర్వాత తిరగెయ్యాలని ఆయన చెప్పింది గుర్తుపెట్టుకున్నాను. మిషన్ మీద చాలా శ్రద్ధగా కుట్టాను. ఎంత శ్రద్ధంటే, నాలుగువైపులా కుట్టేశాను. నాయనమ్మ అటు తిప్పింది, ఇటు తిప్పింది. "నోరేదిరా?" అంది. నేనేడుపు లంకించుకునే లోపల అడకత్తెర తీసి ఒకవైపు కుట్లు పరపరా కోసింది, లోపలికి వేళ్ళు పెట్టి తిరగేసింది. పువ్వులన్నీ బయటికొచ్చాయి! కోసిన అంచు పోగులూడిపోతూనే ఉండేది, అయినా అలాగే బొడ్లో దోపుకుని తిరిగింది. అందులోంచి పైసలు జారిపడుతుండేవి. జారిపడ్డవన్నీ నావేనని తనే రూలు పెట్టింది. దాంతో ఆ అంచు బాగుచేస్తానని నేనెప్పుడూ అనలేదు.

దసరాకి అందరికీ నీ చేత్తో కుట్టినవే ఇస్తానని లిస్టు రాశావటగా, పదకొండు మందిట, అందులో నాన్నకి చొక్కా ఒకటిట. చొక్కా వద్దు. మొదటి ఏడాది ఒంటికి తొడిగేదేదీ కుట్టకు. ఒంటికి కొలతలుంటాయి, ఆ కొలతలు తప్పితే ఇచ్చినవాళ్ళకీ కష్టమే, తొడుక్కున్నవాళ్ళకీ కష్టమే. సంచికి పొట్ట పెరగదు. దిండు గలీబుకి భుజాలుండవు. నాన్నకి చేతిరుమాళ్ళు, అమ్మకి వేడి గిన్నెలు దించుకునే మసిగుడ్డ (మధ్యలో పాత టవల్ ముక్క పెట్టు, లేకపోతే చెయ్యి కాలుతుంది), స్నేహితురాళ్ళకి సంచులు. చాలు.

సంచి లెక్క చెప్తాను. గుడ్డ పొడుగు ముప్ఫైనాలుగు అంగుళాలు, వెడల్పు పదిహేను. కొత్త నూలుగుడ్డయితే ముందు నీళ్ళల్లో నానబెట్టి ఆరేసి అప్పుడు కత్తిరించు, లేదంటే మొదటి ఉతుకుకే కుంచించుకుపోయి కుట్లు ముడతలు పడతాయి. రెండు చివర్లూ అంగుళంన్నర చొప్పున మడిచి కుట్టు. ఆ రెండూ సంచి నోరు. పువ్వులు లోపలికి వచ్చేలా సగానికి మడిచి, రెండు పక్కలా అర అంగుళం వదిలి కుట్టు. రెండు పక్కలే! కుట్టు మొదట్లోనూ చివర్లోనూ మూడు నాలుగు కుట్లు వెనక్కీ ముందుకీ వెయ్యి, లేకపోతే ఊడుతుంది. చేతులకి ఇరవై అంగుళాల పొడుగు, మూడంగుళాల వెడల్పు పట్టీలు రెండు కోసి, మడిచి కుట్టుకో. అవి సంచికి కలిసే చోట చిన్న పెట్టెలా నాలుగువైపులా కుట్టి, మధ్యలో ఇంటూ గుర్తు వెయ్యి. సంచి చిరిగేది ఎప్పుడూ అక్కడే. అయిదు కేజీల బియ్యం పోసి, పట్టుకుని మేడెక్కి దిగి, అప్పుడివ్వు.

గుడ్డ కోసం వన్ టౌన్ వస్త్రలతకి తీసుకెళ్ళమని మీ అమ్మని వేధించకు. ఇంట్లో పాత దుప్పటి చాలు. గుంటూరు నుంచి వచ్చేటప్పుడు మాత్రం మంగళగిరిలో దిగి, మగ్గం మీద పడుగు పోగుల (పొడుగు దారాల) మధ్యలోంచి, అడ్డదారం మోసుకుంటూ నాడె అటూ ఇటూ పరిగెత్తడం చూసి రండి. ఎందుకు చూడమన్నానో చూశాక నీకే తెలుస్తుంది.

నిన్న పొద్దున ఈ ఉత్తరం రాసేముందు మనింటి మిషన్ రేకు తీసి, టార్చి పెట్టి, గంటసేపు చూశాను. 2024 సెప్టెంబరులో బుడమేరు వచ్చి సింగ్ నగర్ మునిగినప్పుడు మేం మేడ మీద, అది కింద గదిలో బురదనీళ్ళల్లో. పాత ఇనుముకి వెయ్యమన్నారు అందరూ. కిరసనాయిలుతో కడిగి, మిషన్ ఆయిల్ పోసి పోసి కదిలించాను. బల్ల ఉబ్బిపోయి సొరుగు ఇప్పటికీ తెరుచుకోదు గానీ చక్రం తిరుగుతోంది. ఉచ్చు ఉబ్బడం చూశాను, కొక్కెం అందుకోవడం చూశాను. అక్కడే నాకొక చిక్కొచ్చింది. ఉచ్చు బద్ధకస్తుడి చుట్టూ తిరిగి రావాలంటే వాడు దేనికీ అతుక్కుని ఉండకూడదు కదా. ముందూ వెనకా పైనా కిందా, అన్నివైపులా దారం దూరే సందుండాలి. మరి వాణ్ణి పడిపోకుండా పట్టుకున్నదేది? చూస్తున్నంతసేపూ అర్థమైనట్టే ఉంది, కాగితం మీద పెట్టబోతే మాట రావడం లేదు.

అందుకని నువ్వే చూడు. పైన తెల్లదారం, బాబిన్‌కి ఎర్రదారం వెయ్యి. పెడలు మీంచి కాళ్ళు తీసెయ్యి. కింద రేకు జరిపి, మీ తమ్ముణ్ణి టార్చి పట్టుకోమను, వాడి వేళ్ళు మాత్రం దూరంగా ఉంచమను. చక్రం నీ వైపుకి, చేత్తో, ఒక్కో వెంట్రుకవాసి తిప్పు. బద్ధకస్తుణ్ణి పట్టుకున్నదేదో కనపడగానే ఫోన్ చెయ్యి, రాత్రి పదైనా సరే.

దసరాకి సంచి తెచ్చినప్పుడు ఏమీ అనుకోకమ్మా, అందరి ముందే తిరగేసి చూస్తాను. నోరుందో లేదో కూడా.

ఇట్లు,
మీ తాతయ్య